చిన్నమామయ్యగారి లెక్కల ఆఫీసు

ఫిలింనగర్, హైదరాబాద్
3 ఆగస్టు 2025

చిన్నమామయ్యగారికి, అత్తయ్యగారికి,

మీ పద్మప్రియ నమస్కారాలు.

మా పెళ్ళిలో అందరూ చీరలూ గిన్నెలూ చదివిస్తే మీరు స్టాంపులు అంటించిన కవర్ల కట్ట చదివించారని మా పిన్ని ఇప్పటికీ నవ్వుతుంది. నాకు మాత్రం అన్నిటికంటే అదే పనికొచ్చింది. ఎదురుగా మనిషి ఉంటే నాకు నోరు పెగలదు. కాగితం ముందు కూర్చుంటే ఎక్కడినుంచో మాటలు వస్తాయి. మీకు ఫోనులో వినపడదు, నాకు ఫోనులో మాట్లాడటం రాదు. ఇద్దరికీ సరిపోయింది.

మీ అబ్బాయి అరకులో ఉన్నారు. అక్కడ పెద్ద షూటింగు. బట్టల వ్యాను ఆయనే తీసుకెళ్ళారు. మధ్యలో వానలు పడి పని ఆగిపోతోందట, వచ్చేసరికి నెల దాటుతుంది. ఈ సినిమా ఏదో గూఢచారుల కథ. అందులోకి పోలీసులు చాలామంది కావాలట. యూనిఫారాలకు గుండీలు, భుజాల మీద నక్షత్రాలు కుట్టే పని నాకు ఇచ్చారు. ఇప్పుడు మా గదిలో తాడు మీద ఇద్దరు ఎస్సైలూ ఒక డీఎస్పీ వేలాడుతున్నారు. రాత్రి లేచినప్పుడు ఉలిక్కిపడుతున్నాను.

మీకు ఒక సంగతి చెప్పాలి. సగమే చెప్పగలను, ఏమీ అనుకోకండి. మీ అబ్బాయి ఒక ఉద్యోగానికి పరీక్ష రాశారు. డ్రైవరు పనే, కానీ కేంద్ర ప్రభుత్వానిది. పరీక్ష అయింది, బండి నడిపి చూపించడం అయింది, ఇంటర్వ్యూ కూడా బాగానే అయిందన్నారు. ఏ శాఖో ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. మీక్కూడా చెప్పొద్దన్నారు. వయసు దాటిపోతోంది కాబట్టి మళ్ళీ రాయడానికి లేదు. ఇది వస్తే వచ్చినట్టు, లేకపోతే జీవితమంతా వ్యానులోనే.

ఇంకొకటి. మా వీధి మొదట్లో మల్లమ్మ ఇస్త్రీ బండి ఉందని రాశాను గదా. నిన్న బట్టలకు వెళితే ఆమె అంది, "ఒగాయన వచ్చిండు బిడ్డా. సంచి ఏసుకున్నడు, జర గడ్డం ఉంది. మీ ఆయన ఎట్లాంటోడు, మీ ఇంటికి ఎవలెవలొస్తరు, రాత్రిపూట ఏడికి పోతడు అని అడిగిండు. నాకేం ఎర్క సారూ, అంగీలిస్తే ఇస్త్రీ చేస్త అన్న."

బట్టలు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను. మా ఇంటి ఓనరు జగదాంబగారికి చెబితే ఆవిడ చప్పట్లు కొట్టారు. ఆవిడ చాలా ఏళ్ళు సినిమాల్లో గుంపులో వేషాలు వేశారు. "సంచీ, గడ్డమూ అంటే కథ రాసేవాడేనే పిచ్చిదానా! మీ ఆయన్ని ఏదో వేషానికి చూస్తున్నారు" అన్నారు. నిజమేనంటారా? నాకెందుకో భయంగా ఉంది. మీరే చెప్పండి ఏం చేయాలో.

అత్తయ్యగారి మోకాలు ఎలా ఉంది?

మీ కోడలు
పద్మప్రియ

—

చీరాల
9 ఆగస్టు 2025

అమ్మాయ్ పద్మా,

ఇద్దరం కులాసా. మోకాలు కూడా కులాసాయే, ఆవిడ మాట వినటం లేదు అంతే. నీ ఉత్తరం మీ అత్తయ్య నాకంటే ముందు విప్పింది. పెళ్ళయిన దగ్గరనుంచీ ఈ ఇంటికి వచ్చే ఏ ఉత్తరమైనా ముందు చదివేది ఆవిడే. పోలీసులు తాడు మీద వేలాడే చోట నవ్వి నవ్వి, ఎందుకు నవ్వుతోందో నాకు వినపడేట్టు అరిచి చెప్పేసరికి పక్కింటివాళ్ళు వచ్చారు.

మావాడి పరీక్ష సంగతి. ఏ శాఖో చెప్పొద్దన్నాడు గదా, చెప్పకు. నేను అడగను. నేను ఢిల్లీలో లెక్కల ఆఫీసులో ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి. ఏ శాఖలోనైనా డ్రైవరంటే ఒక బండీ, ఒక పెద్దమనిషీ, ఆ పెద్దమనిషి కోసం చెట్టు కింద కాచుకుని ఉండటం. మావాడికి ఓపిక ఎక్కువ. వస్తుంది.

ఇక ఆ సంచీ మనిషి. మీ జగదాంబగారికి నా నమస్కారం చెప్పి, ఆవిడ మాట మాత్రం నమ్మకు. కథ రాసేవాడికి మనిషి ఎలా నవ్వుతాడో, ఎలా తింటాడో కావాలి. రాత్రిళ్ళు ఎక్కడికి పోతాడో ఎందుకు? ఇంట్లో మగవాడు లేని వేళలు కనుక్కునేవాళ్ళు అడిగే ప్రశ్న అది. నువ్వు ఒక్కదానివే ఉన్నావు. వాడు వస్తే మాకేం తెలియదు అను, తలుపు వెయ్యి, గడియ పెట్టు. మర్యాద తప్పుతుందేమోనని మొహమాట పడకు. నీ మొహమాటం నాకు తెలుసు. అన్నం వడ్డించినప్పుడు చాలు అనటానికి కూడా మొహమాటపడి మా ఇంట్లో మూడోసారి పెరుగన్నం తిన్నావు.

మా పెరట్లో కాకర పాదు గోడెక్కింది. కాయలు పంపుదామంటే కొరియరువాడు వాటిని ఊరగాయ చేసి ఇస్తాడేమోనని ఆగాను.

ఆశీస్సులతో,
వీరరాఘవయ్య

—

ఫిలింనగర్
18 ఆగస్టు 2025

చిన్నమామయ్యగారికి,

నమస్కారాలు. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు సరిగా రాకపోతే ఓర్చుకుని చదవండి.

ఆ మనిషి ఇంటికే వచ్చాడు. మీ ఉత్తరం అందిన మర్నాడే. "శ్రీకృష్ణగారి ఇల్లు ఇదేనా అమ్మా? చిన్న ఎంక్వయిరీ..." అన్నాడు. ఆ తర్వాత మాట నేను విననే లేదు. మాకేం తెలియదండీ అని తలుపు వేసి గడియ పెట్టేశాను. మీరు చెప్పినట్టే చేశాను. అంత గట్టిగా తలుపు వేయడం నాకు జీవితంలో అదే మొదలు.

అక్కడితో పోయి ఉంటే బాగుండేది. కిటికీలోంచి అంతా వినపడింది. జగదాంబగారు గట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

"రండి బాబూ, రండి. ఆ పిల్లకి సిగ్గు. నన్నడగండి, నా ఇంట్లోనే అద్దెకుంటున్నారు."

"శ్రీకృష్ణగారు ఎలాంటి మనిషండీ?"

"ఎలాంటి మనిషి కావాలి?"

"అంటే?"

"మంచివాడు కావాలా, చెడ్డవాడు కావాలా? రెండూ చేస్తాడు."

ఆయన గట్టు మీద కూర్చున్నాడు. ఆవిడ మంచినీళ్ళు ఇచ్చారు. ఇంక మొదలుపెట్టారు మామయ్యగారూ. కత్తి పట్టాడంటే ఎదుటివాడు పారిపోవాలన్నారు. ఉర్దూలో తిడితే పాతబస్తీలో పుట్టినవాళ్ళే ఆగి వింటారన్నారు. మూడు నెలలు జైల్లో ఉన్నాడన్నారు. "ఏ జైల్లోనండీ?" అని ఆయన మెల్లగా అడిగాడు. "ఊరవతల ఉంది లెండి, గోడలు ఇంతెత్తు" అన్నారు ఆవిడ. అది సినిమా సెట్టింగు. నిరుడు మీ అబ్బాయి వ్యాను మూడు నెలలు అక్కడే నిలిపి ఉంచారు. నాకు అరిచి చెప్పాలనిపించింది. కిటికీ ఊచలు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

చివర్న ఏమన్నారో తెలుసా? "ఆ గడ్డం పెంచితే ఏ దేశంవాడో మీరు చెప్పలేరు. సరిహద్దు దాటి నిన్ననే వచ్చినట్టుంటాడు" అన్నారు. ఆయన ఏమీ రాసుకోలేదు. దండం పెట్టి వెళ్ళిపోయాడు.

జగదాంబగారిని ఏమనను? ఇక్కడి పద్ధతి అది. సినిమావాళ్ళు అడిగితే రాదు, తెలియదు అనే మాట నోట్లోంచి రాకూడదు. గుర్రం ఎక్కుతావా అంటే పుట్టిందే గుర్రం మీద అనాలి, ఆ తర్వాత కృష్ణానగర్‌లో గుర్రం నేర్పేవాడి కోసం వెతుక్కోవాలి. పక్కింటివాడి గురించి అడిగినా అంతే. ఒకరినొకరు అలాగే నిలబెట్టుకుంటారు. ఆవిడ మా మంచికే చెప్పారు. తర్వాత నా తలుపు కొట్టి, "నీ మొగుడికి విలన్ పక్కన వేషం ఖాయం, నాకేం పెడతావే?" అని మిగిలిన చిక్కుడుకాయలు ఇచ్చి వెళ్ళారు.

ఆ సాయంత్రం మీ అబ్బాయి ఫోను చేశారు. "వెరిఫికేషన్‌కి ఎవరైనా వచ్చారా? మామూలు బట్టల్లో వస్తారు, చుట్టుపక్కల కూడా అడుగుతారు. నీకు చెప్పటం మరిచాను" అన్నారు. జరిగింది చెప్పాను. అటునుంచి జనరేటరు చప్పుడు వినపడుతోంది. "పోన్లే పద్మా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంక ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. అది కేంద్ర నిఘా శాఖ. దేశం లోపల ఉండి దేశానికి కీడు తలపెట్టేవాళ్ళను కనిపెట్టే శాఖ అని మీ అబ్బాయి చెప్పారు. అలాంటివాళ్ళ ముందు, సరిహద్దు దాటి వచ్చినట్టుంటాడు అన్నారు జగదాంబగారు. నేను తలుపు మూసేశాను. ఏదో దాస్తున్నామనే గదా అనుకుంటారు?

దాస్తున్నది కూడా ఒకటి ఉంది. రెండేళ్ళ కిందట వ్యానులో చోటు లేక మీ అబ్బాయి ఎస్సై యూనిఫారం తొడుక్కుని బండి నడుపుకుంటూ వస్తున్నారు. చెక్‌పోస్టు దగ్గర ఎవడో తాగి స్కూటరు మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని తూలుతున్నాడు. ఈయన దిగి, ఆ బట్టల్లోనే, తాళం లాక్కుని గట్టిగా తిట్టారు. నిజం పోలీసులు వచ్చి ఈయన్ని స్టేషనుకు తీసుకెళ్ళారు. మా కంపెనీ మేనేజరు వెళ్ళి, సినిమా బట్టలని చెబితే పొద్దున వదిలేశారు. కేసు లేదు. అందుకని ఆ సంగతి ఎక్కడా ఎత్తొద్దన్నారు.

మీరు ఢిల్లీలో పెద్ద ఆఫీసులో చేశారు. అక్కడ మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్క మాట చెప్పండి మామయ్యగారూ. ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఇది మాత్రం అడుగుతున్నాను.

పద్మప్రియ

—

చీరాల
23 ఆగస్టు 2025

పద్మా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు పెరట్లో కూర్చున్నాను. మీ అత్తయ్య కాఫీ తెచ్చి పెట్టి, ఏమీ అడగకుండా లోపలికి పోయింది.

ముందు నీ తలుపు సంగతి. అది నేను వేయించిన తలుపు. నువ్వు శాఖ పేరు దాచావు, నేనూ ఒకటి దాచాను. ఇద్దరం చెరొకటీ దాచుకుని రాసుకున్నాం కాబట్టి ఇలా జరిగింది. నేను చేసింది లెక్కల ఆఫీసులో కాదు. ఇంతకంటే రాయను, నువ్వు అడగవద్దు. మీ అత్తయ్యకు కూడా నేను ఏనాడూ చెప్పలేదు. ఈ కవరు నేనే స్వయంగా అంటించి డబ్బాలో వేస్తున్నాను.

మీరు బట్టలు కుట్టే ఆ సినిమాలో గూఢచారి ఏం చేస్తాడు? మేడమీదనుంచి దూకుతాడు, రెండు చేతులా తుపాకులు పేలుస్తాడు. నేను సర్వీసంతా కలిపి ఒక్క గోడ కూడా దూకలేదమ్మా. ఒకసారి బస్సు తప్పిపోతుందని పరిగెత్తాను, బోర్లా పడ్డాను. ఆ పనిలో ఎక్కువ భాగం కూర్చోవటం, వినటం, ఒకరు చెప్పింది ఇంకొకరితో సరిచూడటం. ఏమీ జరగకుండా రోజు గడిస్తే ఆ రోజు పని బాగా చేసినట్టు. ఏమీ జరగనిదానికి ఎవరూ దండ వేయరు. వేయకూడదు కూడా.

కీడు తలపెట్టి వచ్చేవాడు మొదట ఆయుధం పట్టుకుని రాడు. స్నేహంగా వస్తాడు. మనిషిలో ఎక్కడ పగులుందో చూసుకుంటాడు. అప్పు, ఆశ, భయం, దాచిపెట్టిన చిన్న తప్పు. నువ్వు దాచింది మీ ఆఫీసులో చెప్పమంటావా, లేక నాకో చిన్న సాయం చేస్తావా అంటాడు. కారు వెనక కూర్చున్న అధికారులు మాట్లాడుకునేదంతా డ్రైవరు వింటాడు. అందుకే డ్రైవరు ఇంటి చుట్టూ కూడా ఆ సంచీ ఆయన తిరుగుతాడు. శత్రువుకంటే ముందు మనమే ఆ పగులు చూసుకోవాలి. ఆయన మీ మీద పగతో రాలేదు. మిమ్మల్ని తర్వాత ఎవడూ బెదిరించకుండా చూడటానికి వచ్చాడు.

కాబట్టి యూనిఫారం సంగతి చెప్పాలి. తాగినవాడి చేతిలోంచి తాళం లాక్కోవటం మచ్చ కాదు. దాస్తే మచ్చ. మావాడు ఊళ్ళో లేడు, ఫోనులో ఎవరికని చెబుతాడు? ఆ మనిషి మళ్ళీ వస్తే నువ్వే చెప్పు.

ఢిల్లీలో నాకు తెలిసినవాళ్ళు ఉన్నారు. ఒక్క మాట చాలు అనేవాళ్ళు కూడా ఉన్నారు. కానీ చెప్పను. మావాడి కోసం నేను ఒక గడియ తీయిస్తే, రేపు ఇంకెవడో ఇంకెవరి కోసమో తీయిస్తాడు. ఆ వచ్చేవాడు ఎవడో మనకు తెలియదు. నీకు కష్టంగా ఉంటుందని తెలుసు.

వీరరాఘవయ్య

—

చీరాల
10 సెప్టెంబరు 2025

పద్మా,

నీ దగ్గరనుంచి జవాబు లేదు. కోపం వచ్చి ఉంటుంది. రావలసిందే.

మీ అత్తయ్య కూడా నాతో సరిగా మాట్లాడటం లేదు. నువ్వు సాయం అడిగితే నేను కాదన్నానని ఎలా తెలిసిందో తెలిసింది. నా కాఫీలో చక్కెర తగ్గింది. డాక్టరు చెప్పాడంటోంది, ఏ డాక్టరో చెప్పదు.

నా దగ్గర నీకు ఇవ్వటానికి సిఫారసు లేదు. కాకరకాయలు ఉన్నాయి. ఒక్క ముక్క రాయి. తిడుతూ రాసినా సరే.

నీ చిన్నమామయ్య

—

ఫిలింనగర్
14 సెప్టెంబరు 2025

చిన్నమామయ్యగారికి, అత్తయ్యగారికి,

నమస్కారాలు. అత్తయ్యగారూ, మామయ్యగారి కాఫీలో చక్కెర వేయండి.

కోపం వచ్చింది మామయ్యగారూ. అబద్ధం రాయను. మీ ఉత్తరం చదివి మడిచి బియ్యం డబ్బా వెనక పెట్టేశాను. చేతనైన సాయం కూడా చేయని మనిషి నీతులు రాస్తున్నారనుకున్నాను. తర్వాత కోపం పోయింది కానీ రాయలేదు. చెప్పిన పని చేశాకే రాద్దామనుకున్నాను. ఆయన మళ్ళీ వస్తేగా చేయటానికి! రోజూ కిటికీ దగ్గరే కూర్చుని కుట్టాను. ఎవరొచ్చినా ఆయనేననుకుని లేవటం, గ్యాసు బండవాడో కేబులువాడో అయి మళ్ళీ కూర్చోవటం. అయిపోయింది, ఇంక రారు అనుకున్నాను.

పోయిన వారం మల్లమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. "బిడ్డా, గా సంచి సారు మల్ల వచ్చిండు. గాడ చాయ్ తాగుతుండు. జల్ది రా."

నేను వెళ్ళాను. ఎలా వెళ్ళానో నాకే తెలియదు. ఆమె బండి పక్కన చాయ్ హోటలు ముందు బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా నిలబడ్డాక చూసుకుంటే నా చేతిలో డీఎస్పీ చొక్కా, దానికి వేలాడుతూ సూదీ దారమూ. ఆయన ముందు చొక్కాను చూశారు, తర్వాత నన్ను చూశారు.

"కూర్చోండమ్మా" అన్నారు. కూర్చోలేదు. కూర్చుంటే మాట ఆగిపోతుందనిపించింది.

"ఆ రోజు తలుపు వేసినందుకు ఏమీ అనుకోకండి సార్. ఒక్కదాన్నే ఉన్నానని భయపడ్డాను."

"మంచిపని చేశారు. తెలియనివాళ్ళకు తలుపు తీయకూడదు."

"జగదాంబగారు చెప్పినవన్నీ..."

"కత్తి, జైలు, సరిహద్దు. గుర్తున్నాయమ్మా. వెళ్ళేటప్పుడు నాకు కూడా జడ్జి వేషం ఇప్పిస్తానన్నారు. ఫోటో తెచ్చిమ్మన్నారు."

ఆయన నవ్వలేదు. నాకే నవ్వు వచ్చింది, దాంతో కాస్త గొంతు వచ్చింది. అప్పుడు యూనిఫారం సంగతి మొత్తం చెప్పేశాను. చెక్‌పోస్టు, స్కూటరు, పిల్లాడు, తాళం, స్టేషను. ఎక్కడా ఆగలేదు. మల్లమ్మ ఇస్త్రీ పెట్టె పట్టుకుని నోరు తెరిచి చూస్తోంది.

"ఇది చెప్పమని మీ ఆయన అన్నారా?" అని అడిగారు.

"వద్దన్నారు సార్."

"మరి?"

"చెప్పకపోతే ఉద్యోగం వచ్చాక కూడా ఎవరైనా తలుపు కొడితే భయమే. ఉద్యోగం రాకపోతే వ్యాను ఉంది సార్. భయంతో మాత్రం కాపురం చేయలేను."

నేనే అన్నానా ఆ మాట! ఆయన చాయ్ తాగటం ముగించి గ్లాసు కింద పెట్టారు.

"ఈ విషయం మీ ఆయనకు చెబుతారా?"

"ఊళ్ళోకి రాగానే చెబుతాను."

సరేనన్నట్టు తల ఊపారు. యూనిఫారం సంగతి ఆయనకు ముందే తెలుసో లేదో ఆ మొహంలో ఏమీ కనపడలేదు. మీ మొహం కూడా అలాగే ఉంటుంది మామయ్యగారూ, మా పెళ్ళి ఫోటోలో ఇప్పుడు చూశాను. లేచి నిలబడి, "ఈ నక్షత్రాలు మీరే కుడతారా?" అన్నారు. అవునన్నాను. "ఎడమవైపుది కాస్త వంకర పోయింది, చూసుకోండి" అని తన స్కూటరు వైపు నడిచారు.

ఇంతలో జగదాంబగారు ఎలా తెలుసుకున్నారో ఏమో, కొంగు దోపుకుని వచ్చారు. నేను జరిగిందంతా చెప్పలేదు. ఆయన సినిమా మనిషి కాదు, ఒక ఉద్యోగం విషయంలో అడగటానికి వచ్చినాయన అని మాత్రం చెప్పాను. ఆవిడ అక్కడే బల్ల మీద కూలబడ్డారు. "మరి ఆ మాట ముందు చెప్పొద్దూ! చెప్పి ఉంటే రాముడంతటివాడని చెప్పేదాన్ని గదే!" అని, ఆయన స్కూటరు వెనక సందు చివరిదాకా వెళ్ళారు. "బాబూ, జైలు అబద్ధం! కత్తి అట్టముక్క! వాడికి బొద్దింకంటే భయం!" అని ఆవిడ అరవటం వీధంతా విన్నది.

మీ అబ్బాయి మొన్న వచ్చారు. అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని చెప్పాను. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశారు. తర్వాత చేయి కడుక్కుని వ్యాను తుడవటానికి వెళ్ళారు. పొద్దున లేచి, "నువ్వు కొత్త మనిషితో మాట్లాడావా?" అన్నారు. అవునన్నాను. "ఎంతసేపు?" అన్నారు. చాలాసేపు అన్నాను. నన్ను ఎప్పుడూ చూడనట్టు చూసి నవ్వారు. "నేను ఇంటర్వ్యూలోనే చెబుదామనుకున్నాను పద్మా. నోరు రాలేదు. నీకు వచ్చింది" అన్నారు.

ఉద్యోగం వస్తుందో రాదో తెలియదు. కానీ నిన్న ఎవరో తలుపు కొడితే ఎవరండీ అని అడిగి తీశాను. కాకరకాయలు! కొరియరబ్బాయి ఊరగాయ చేయలేదు, బాగానే ఉన్నాయి. సగం జగదాంబగారికి ఇచ్చాను.

మీ కోడలు
పద్మప్రియ

—

చీరాల
21 సెప్టెంబరు 2025

మా పద్మకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐదోసారి చదువుతుంటే మీ అత్తయ్య లాక్కుంది.

నేను అన్నేళ్ళ సర్వీసులో చాలామందిని ప్రశ్నలు అడిగాను. అడగకముందే వచ్చి చెప్పినవాళ్ళు తక్కువ. అలాంటివాళ్ళు ఎదురైన రోజు మేము ఆఫీసుకు తేలిగ్గా నడిచి వెళ్ళేవాళ్ళం. ఆ సంచీ ఆయన కూడా ఆ రోజు అలాగే వెళ్ళి ఉంటాడు. ఫలితం ఏమవుతుందో నేను చెప్పలేను, చెప్పను. నువ్వు మాత్రం గెలిచావు.

నీకు కోపం వచ్చిందని దాచకుండా రాసినందుకు సంతోషం.

వీరరాఘవయ్య

పద్మా, ఇది మీ అత్తయ్య శారదాదేవి రాస్తోంది. ఆయన కవరు అంటించబోతుంటే ఆపి రాస్తున్నాను. నాకు ఏనాడూ చెప్పలేదని నీకు రాశారటగా. ఆ కవరు కూడా నేను ఆవిరి పట్టి విప్పి చదివాను. లెక్కల ఆఫీసువాడికి కూరగాయల లెక్క కూడా రాదని కాపురానికి వెళ్ళిన కొత్తలోనే తెలిసింది. ఎప్పుడో ఆయనే చెబుతారని ఊరుకున్నాను. చెప్పలేదు. చెప్పకపోవటం ఆయన ఉద్యోగమని అర్థం చేసుకుని, అడక్కపోవటం నా ఉద్యోగం చేసుకున్నాను. రిటైరయింది ఆయన ఒక్కరే. ఇప్పుడు ఇది చదివి మొహం ఎలా పెట్టారో చూడాలి నువ్వు. చక్కెర వేస్తున్నాను లే.

—

ఫిలింనగర్
19 జనవరి 2026

చిన్నమామయ్యగారికి, అత్తయ్యగారికి,

నమస్కారాలు. ఇది మీరిచ్చిన కట్టలో చివరి కవరు. ఇకనుంచి నేనే కొనుక్కుంటాను.

వచ్చింది. రిజిస్టరు పోస్టులో వచ్చింది. పోస్టుమాన్ దగ్గర సంతకం నేనే పెట్టాను. మీ అబ్బాయి వ్యాను కింద పడుకుని ఏదో బిగిస్తున్నారు. నేను వెళ్ళి పాదం తట్టాను. బయటికి వచ్చి, చేతులకు నూనె ఉందని, నన్నే చదవమన్నారు. ఇంగ్లీషులో ఉంది, నాకు రాదు. కాగితం ఆయన కళ్ళ ముందు పట్టుకున్నాను. చదివి, నూనె చేతులతోనే మొహం తుడుచుకున్నారు. నల్లగా అయిన ఆ మొహం చూసి జగదాంబగారు, "ఇదేం గెటప్పురా?" అన్నారు.

నిన్న ట్రైనింగుకి వెళ్ళారు. ఎక్కడికో మీరు అడగరని తెలుసు, నేనూ రాయను. కొన్నాళ్ళు ఫోను ఉండదట. రైలు ఎక్కే ముందు వ్యాను తాళం కంపెనీవాళ్ళకు ఇచ్చేసి, ఖాళీ చేయి చూసుకుని, "ఇప్పుడు కొంచెం భయంగా ఉంది పద్మా" అన్నారు. ఆ మాట పైకి చెప్పారు, చాలు అనుకున్నాను.

నేను కుట్టిన చొక్కాల సినిమా వచ్చే నెల విడుదలట. జగదాంబగారు అందులో చేపలమ్మే మనిషి. హీరో ఆవిడ బుట్ట మీదనుంచి దూకుతాడు. మమ్మల్నందర్నీ తీసుకెళతానన్నారు. నేను ఆ డీఎస్పీ ఎడమ భుజం మీద నక్షత్రం చూడటానికి వెళుతున్నాను. విప్పి తిన్నగా కుట్టాను.

ఒక సంగతి మీకు చెప్పి తీరాలి. ఇవాళ పొద్దున జగదాంబగారూ మల్లమ్మా నన్ను గట్టు మీద కూర్చోబెట్టారు.

"ఏం కంపెనీ బిడ్డా మీ ఆయనది?" అని మల్లమ్మ అడిగింది.

నా గొంతు తడబడలేదు మామయ్యగారూ. "లెక్కల ఆఫీసు" అన్నాను.

"లెక్కల ఆఫీసుకి డ్రైవరెందుకే?" అన్నారు జగదాంబగారు.

"లెక్కలు చాలా ఉంటాయట. చేత్తో మోయలేరు."

మల్లమ్మ నమ్మింది. జగదాంబగారు నా మొహంలోకి చూశారు. సినిమాల్లో అన్నేళ్ళు పనిచేసిన మనిషి, అబద్ధం ఎలా ఉంటుందో ఆవిడకు తెలియదా? ఏదో అనబోయి ఆగి, మల్లమ్మ వైపు తిరిగారు. "అవునే, మా తమ్ముడి కొడుకు కూడా లెక్కల ఆఫీసే. అక్కడ డ్రైవర్లు కావాలి" అన్నారు. ఆవిడకు తమ్ముడు లేడు.

మిమ్మల్ని అడక్కుండా మీ ఆఫీసు పేరు వాడుకున్నాను. ఏమీ అనుకోకండి. అత్తయ్యగారూ, ఈ కవరు మీరే ముందు విప్పుతారని తెలిసి, మీకు కూడా నమస్కారం పైనే రాశాను.

మీ కోడలు
పద్మప్రియ